చల్లబాయి దగ్గు మెట్లు

1. వైశాఖం మొదటి వారం

ఈ రాత నాకై నేను మొదలుపెట్టింది కాదు. డాక్టరమ్మ రాయమన్నది. అంకెలు మిషన్ ఎట్లాగూ రాసుకుంటుందట, ఆ అంకెల చుట్టూ మనుషులకు ఏమవుతోందో ఒకరు రాయాలట. రోజూ అందరితో మాట్లాడే పని నాదే కాబట్టి నన్ను పట్టుకుంది.

నా పేరు ఓదెలు. చల్లబాయిలో చెవులగది నా జిమ్మా. పొద్దున లేవగానే తడిగుడ్డ, నిచ్చెన పట్టుకుని ఏడు గల్లీలూ తిరుగుతాను. ప్రతి మంచానికీ పైన, కప్పుకు, సత్తుగిన్నె బోర్లించినట్టు ఒక చెవి ఉంటుంది. ఎంత సున్నం కొట్టినా గోడల వెనక ఉన్నది బొగ్గే కదా, నాలుగు రోజులు తుడవకపోతే చెవి మీద నల్లటి పొర కడుతుంది, దగ్గు సగమే వినిపిస్తుంది. తుడిచాక దాని కింద నిలబడి నేనే ఒకసారి దగ్గుతాను. గదికొచ్చి చూస్తే మూడు మెట్లు పడాలి. పడకపోతే మళ్లీ నిచ్చెన ఎక్కాలి. నా దొంగదగ్గు ఊరందరికీ తెలుసు. పిల్లలు నన్ను చూస్తే అదే తీరుగా దగ్గి నవ్వుతారు.

మెట్లు మొత్తం పది. దగ్గు ఎన్నిసార్లు వచ్చింది, ఎంత గట్టిగా వచ్చింది, ఎంత వెంటవెంటనే వచ్చింది, ఈ మూడూ కలిపి చెవి అప్పటికప్పుడు ఒక మెట్టు, రోజు మొత్తానికి ఒక మెట్టు చెబుతుంది. ఇక్కడ పలకరింపు కూడా అదే. నీదెన్ని అంటే ఒకటిన్నర అంటారు. పెళ్లి మాటల్లో కూడా పోయిన ఎండాకాలం పిల్ల మెట్టెంత, పిలగాని మెట్టెంత అని అడిగేవాళ్లున్నారు.

ఈ మెట్లు కట్టింది మా డాక్టరమ్మే, నస్రీన్ బేగం. అప్పటికి ఆమె కొత్త డాక్టరు. పైన ఎండకు తట్టుకోలేక జనం ఏటా ఎండాకాలం ఈ పాత బొగ్గుబాయిలోకి దిగడం మొదలైన తొలి ఏండ్లలో ఒక పెద్ద దగ్గు వచ్చింది. ఎవరు దగ్గితే వాళ్లను పట్టుకుని పైకి, ఎండలోకి తోసేవాళ్లట. పొగ పీల్చి దగ్గినా, మిరపకాయ ఘాటు గొంతుకు తగిలి దగ్గినా అంతే. ఆమె కప్పులకు చెవులు బిగించి, భయం మాట కాదు, అంకె మాట వినాలన్నది. ఆ తర్వాత ఒక్క మనిషినీ పైకి తోయలేదు. ఇప్పుడు నలభై బాయిల్లో నస్రీన్ మెట్లతోనే దగ్గు కొలుస్తున్నారు. ఊరంతా కూడే మా మస్టర్ గది గోడ మీద ఆమె పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆమె మాత్రం దాని ముందు నుంచి పోయేటప్పుడు తల వంచుకుని, చున్నీ సర్దుకుంటూ గబగబా పోతుంది.

ఇక జరిగింది రాస్తాను. పైన కరెంటు పుట్టించే ఎండపలకలు బాగుచేసే జట్టు ఈ ఏడాది అందరికన్నా ఆఖరున దిగింది. వాళ్లకు ఐదో గల్లీలో మంచాలిచ్చారు. రెండు రోజులకే వాళ్లలో చాలామందికి ఏడు మెట్ల దగ్గు పడింది, జ్వరం కూడా. డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే ఐదో గల్లీ ఇనుప తలుపు వేయించింది. జట్టుతో పాటు ఆ గల్లీ కాపురాలన్నీ, కలిపి అరవై మంది దాకా లోపల ఉండిపోయారు.

అందులో నా భార్య భూదేవి ఒకతె. వంటశాలలో పనిచేస్తుంది. వచ్చినవాళ్లకు వేడివేడిగా జొన్నరొట్టెలు చేసిపెట్టడానికి ఆ పూటకని పోయింది. తలుపు పడిన చప్పుడు నేను రెండో గల్లీలో నిచ్చెన మీద ఉండి విన్నాను.

2. అదే నెల, రెండో వారం

ఐదో గల్లీలోకి అన్నం, మందులు డబ్బా కిటికీలో నుంచి పోతాయి. మేము ఇవతలి తలుపు తెరిచి పెట్టి మూస్తే, వాళ్లు అవతలి తలుపు తెరిచి తీసుకుంటారు. మాట తీగఫోనులో. లోపల నర్సు తిరుమల ఒక్కతే ఉంది. ఆమెకూ దగ్గే, నాలుగు మెట్లు. పొద్దున నేను అంకెలు చదువుతాను, ఎక్కువ మెట్లున్నవాళ్ల దగ్గరికి ఆమె ముందు పోతుంది. అందరినీ చూడాలంటే ఒక్క మనిషికి పొద్దు చాలదు.

డాక్టరమ్మ లోపలికి పోకూడదు. తొమ్మిది వందల మందికి ఒక్కతే డాక్టరు. మూసిన గల్లీలోకి డాక్టరు పోరాదన్న నియమం రాసింది కూడా ఆమే.

పని అయ్యాక నాకు కాసేపు ఫోను ఇస్తారు. భూదేవిది ఆరు మెట్లు. దగ్గు మధ్యలో మాట్లాడుతుందో, మాటల మధ్యలో దగ్గుతుందో తెలియదు. మొదటి రోజు నన్నే దబాయించింది. "నువ్వు దొంగదగ్గు దగ్గి జీతం తీసుకుంటవ్. నేను నిజందగ్గు ఊరికెనే దగ్గుతున్న" అన్నది. ఇంట్లో నానబెట్టిన మినుములు పాడవుతాయని, పక్కింటి వాళ్లకిచ్చెయ్యమని చెప్పింది. గల్లీలో ఒక ముసలాయన కొమురయ్య రాత్రంతా దగ్గి తనను నిద్రపోనివ్వడం లేదని ఫిర్యాదు చేసింది. మళ్లీ తనే ఆయనకు వేడినీళ్లు కాచి ఇచ్చి వస్తున్నానని చెప్పింది.

ఒక చిక్కు ఉంది. ఐదో గల్లీ గాలి మిగతా గల్లీల్లోకి రాకుండా దానికి వేరే పంకా తిప్పుతున్నాం. రెండు పంకాలు కలిసి తిరగడానికి కరెంటు సరిపోదు. అందుకని మిగతా గల్లీల పంకా వేగం తగ్గించారు. ఇప్పటికే అందరి ఒంటి మీదా ఉక్క. బాయిపెద్ద రాజమౌళి రోజూ చెవులగదికొచ్చి అంకె అడిగి పోతున్నాడు. గల్లీ మొత్తం సగటు రెండు మెట్ల లోపుకు వస్తే తలుపు తీయవచ్చు, అది నియమం.

3. మూడో వారం

తగ్గుతోంది. గల్లీ మొత్తానికి సగటు ఆరున్నర ఉన్నది ఐదయింది, నాలుగయింది. జ్వరాలు కూడా చాలామందికి దిగాయి. బడిలో డాక్టరమ్మ పలక మీద సుద్దతో గీత గీసి పిల్లలకు చూపించింది, కొండ ఎక్కి దిగుతున్నట్టుంది అది. ఇంకొన్ని రోజులకు నేల మీదికి వస్తుందన్నది.

వంటశాలలో బియ్యప్పిండి తడిపి సర్వపిండి చేయాలని మాట్లాడుకుంటున్నారు, తలుపు తీసిన రోజు కోసం. ఊపిరాడని ఉక్కలో కూడా జనం ముఖాలు విప్పారినయి. రాజమౌళి నా భుజం తట్టి ఇంకెంత, నీ ఇల్లు నీకొస్తుంది అన్నాడు.

భూదేవిది మూడు మెట్లకొచ్చింది. ఇప్పుడు ఫోనులో ఎక్కువ మాట్లాడటం లేదు. బాగున్నవా అంటే ఆఁ అంటుంది. తిన్నవా అంటే ఆఁ అంటుంది. ఇన్ని రోజులు అలసిపోయింది కదా, ఇప్పుడైనా నిద్రపోతోందని అనుకున్నాను. ఈ మాట డాక్టరమ్మకు మాటవరసకు చెప్పాను. ఆమె మందులు సర్దుతున్నది ఆగి, ఎప్పటి నుంచి అని అడిగింది. మూడు రోజులుగా అని చెప్పాను.

4. మూడో వారం చివర

కొమురయ్య చనిపోయాడు.

పొద్దున తిరుమల ఫోను చేసి చెప్పింది. నేను నమ్మలేదు. గల్లీ అంతటిలో తక్కువ మెట్టు ఆయనదే. నిన్న ఒకటి. ఆయనకు నయమైందని నేనే చదివాను, తిరుమల కూడా ఆయన మంచం వైపు పోకుండా ఎక్కువ మెట్లున్నవాళ్ల దగ్గరికి పోయింది. ఆ మాట చెప్పి ఆమె ఏడ్చింది.

డాక్టరమ్మ చెవులగదికి వచ్చింది. అంకెల వైపు చూడలేదు. కొమురయ్య మంచం మీది చెవి పట్టిన చప్పుడు వినిపించమన్నది. చెవి అంకె చెప్పడమే కాదు, దగ్గును అట్లాగే దాచి కూడా పెడుతుంది, కానీ ఇన్నేండ్లలో ఎవరూ దాన్ని వినిపించమని అడగలేదు. అంకె ఉండగా చప్పుడుతో ఎవరికేం పని.

మొదటి వారం దగ్గు వినిపించాను. గది అదిరింది. కడుపులో నుంచి వచ్చిన దగ్గు. తర్వాత రెండో వారం. ఆ తర్వాత నిన్నటిది. నిన్నటిది దగ్గు కాదు. గొంతులో ఏదో అడ్డుపడ్డ మనిషి నోరు మెల్లగా తెరిచి మూసినట్టు, హుఁ అని చిన్న గాలి. దాని వెనక ఊపిరి గురగురమంటోంది.

ఆమె మళ్లీ మళ్లీ వినింది. తర్వాత ఇంకొక మంచం అడిగింది, ఇంకొకటి అడిగింది. తగ్గినవాళ్ల దగ్గులన్నీ అడిగింది. కొందరివి నిజంగా నయమైన దగ్గులు, పొడిగా, తేలికగా. కొందరివి కొమురయ్యది లాంటివే. అంకె మాత్రం అందరిదీ ఒకటే, ఒకటిన్నరో రెండో.

తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"దగ్గుతందుకు సుత బలం కావాలె, ఓదెలూ. బలం పోతే దగ్గు పోతది, కఫం లోపల్నే ఉంటది. నేను చప్పుడును కొలిచిన. దగ్గే మనిషిని ఎన్నడూ అడగలే, నీకెట్లున్నదని."

నేను భూదేవి మంచం అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగలేదు. నేనే పెట్టాను. ఇద్దరం విన్నాం. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది. నాకు చెప్పాల్సిన పని లేకపోయింది.

5. మరునాడు

తలుపు రేపు తీయాలని అప్పటికే నిర్ణయమైంది. గల్లీ మొత్తం ఒకటి ముప్పావుకు దిగింది. మస్టర్ గదిలో జనం నిండిపోయారు, మొగవాళ్లు చొక్కాలు విప్పి విసురుకుంటున్నారు, ఆడవాళ్లు పసిపిల్లలకు తడిగుడ్డలు చుట్టారు. డాక్టరమ్మ గోడ ముందు నిలబడింది, తన పేరు రాసి ఉన్న గోడే. తలుపు తీయవద్దన్నది. అంకె తగ్గింది కానీ జబ్బు తగ్గలేదన్నది. ఈ మెట్లు తప్పు అన్నది.

ఆమె వివరించి చెప్పింది. ఎక్కడా మాట దాచలేదు, మిషన్ మీదికి నెట్టలేదు, చెవులు చెప్పాల్సింది అవి చెప్పినయి, వాటిని అడగాల్సింది నేను అడగలేదు అన్నది. నేను ఆమెను పదిహేనేండ్లుగా చూస్తున్నాను. గౌరవమని, భయమని, అలవాటని ఎట్లా చెప్పుకున్నా సరే, ఆమె ముందు నేనెప్పుడూ కొంచెం వంగే నిలబడేవాణ్ని. ఆ రోజు మాత్రం నిటారుగా నిలబడి విన్నాను. అటువంటి మాట చెబుతున్న మనిషిని అట్లాగే నిలబడి వినాలనిపించింది.

రాజమౌళి చెడ్డవాడు కాదు. ఆయన తలనొప్పి ఆయనది. నలభై బాయిలు ఈ మెట్లనే నమ్ముకుని బతుకుతున్నాయని, తప్పని తెలిస్తే మళ్లీ పాత భయం మొదలవుతుందని, దగ్గినవాణ్ని ఎండలోకి తోసే రోజులొస్తాయని అన్నాడు. ముందు మన గల్లీ చూసుకుని, మిగతా వాళ్లకు తర్వాత నెమ్మదిగా చెబుదామన్నాడు.

"తర్వాత కాదు, రాజమౌళన్నా" అన్నది ఆమె. "ఇయ్యాలనే తీగ మీద కబురు పంపాలె. నా పేరు మీదనే పంపాలె. ఏ బాయిలనో ఇప్పుడొక కొమురయ్య ఉండి ఉంటడు, మెట్టు తగ్గిందని అందరు సంబురపడుతుంటరు."

కబురు ఆమె చెబుతుంటే నేనే రాశాను, నేనే పంపాను. అందులో ఒక్క మాట మెత్తగా లేదు.

తర్వాత కొత్త కొలత చెప్పింది. దానికి మిషన్ అక్కరలేదు. ఒక్కో మనిషి తన ఎడమచేయి చాపి, కుడి చేత్తో చూపించాలి. వేలి కొస అంటే దగ్గు బాధ లేనట్టు. భుజం అంటే ఇంతకు మించి మోయలేనట్టు. ఈ రోజు నీ దగ్గు ఎక్కడి దాకా ఉంది, నిన్న ఎక్కడి దాకా ఉండె, అని రోజూ పొద్దున అడగాలి. నిద్రను, తిండిని, మాటను ఆపుతోందా అని కూడా అడగాలి. ఎవరి చేతికి వాళ్లే కొలబద్ద. చెవి మెట్టూ చెయ్యి కొలతా పక్కపక్కన పెట్టాలి. చెయ్యి పైకి, మెట్టు కిందికి పోతుంటే ఆ మనిషి దగ్గరికి అందరికన్నా ముందు పరుగెత్తాలి.

పరుగెత్తేవాళ్లు కావాలి కదా. లోపల ఉన్నది తిరుమల ఒక్కతే. అప్పుడు ఆమె తను రాసిన ఇంకొక నియమాన్ని కూడా పక్కన పెట్టింది, నేను లోపలికి పోతున్నానన్నది. తోడు ఎవరు వస్తారని అడిగింది. వంటశాల నుంచి ఇద్దరు, పంకా దగ్గర పనిచేసే రాజేశం, బడి పంతులు వెంకటనర్సు, ఇంకా కొందరు చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఆమె నా చెయ్యి దించింది.

"నువ్వొస్తే చెవులెవరు చూస్తరు? ఎవరి దగ్గు పడిపోతున్నదో నువ్వే చెప్పాలె. నేను లోపల నీ మాట మీదనే ఉరుకుత" అన్నది.

6. అదే వారం

కలగలుపు రోజులు. పొద్దున తిరుమల చేతుల కొలతలు చదువుతుంది, నేను మెట్లు చదువుతాను, రెండూ కలిపి పేర్లు చెబుతాను. డాక్టరమ్మ, ఆమె మనుషులు ఆ పేర్ల దగ్గరికి పోతారు. చేసేది వింటే తేలిక పని. మనిషిని పక్కకు, బోర్లా తిప్పడం, గిన్నె చేసిన అరచేత్తో వీపు మీద కింది నుంచి పైకి తట్టడం, వేడినీళ్ల ఆవిరి పట్టడం, నడుము పట్టుకుని కూర్చోబెట్టి, దగ్గు, ఇంకా దగ్గు అని చెప్పి దగ్గించడం. ఊపిరి బాగా తక్కువైన వాళ్లకు ఉన్న కొద్ది ప్రాణవాయువు సిలిండర్లు. పూటకు నాలుగుసార్లు, ఒక్కో మంచం దగ్గర.

దాంతో అంకెలు పెరిగినయి. ఒకటిన్నర నాలుగయింది, ఆరయింది. మస్టర్ గదిలో అంకె చూసి జనం బెదిరిపోయారు. డాక్టరమ్మ పోయాక లోపల జబ్బు ఎక్కువైందని, ఆమె మతి చెడిందని ఒకరిద్దరు అననే అన్నారు. పంకా అంతంత మాత్రం తిరుగుతుంటే ఉక్కలో ఎవరికైనా మాట జారుతుంది. నేను వాళ్లను చెవులగదికి పిలిచాను, పది పదిహేను మంది చొప్పున. కొమురయ్య చివరి దగ్గు వినిపించాను. తర్వాత ఈ పొద్దుటి దగ్గులు వినిపించాను. ఇంకేమీ చెప్పలేదు. విన్నవాళ్లు బయటికి పోయి మిగతావాళ్లకు చెప్పుకున్నారు. సాయంత్రానికి పలకరింపు మారింది. ఐదో గల్లీ ఎంత అని అడిగి, ఏడు అంటే, ఇంకా పెరగాలె అంటున్నారు.

7. జ్యేష్ఠం మొదట్లో

భూదేవి చెయ్యి భుజం దగ్గర ఉంది. మెట్టు అర.

తిరుమల ఆ మాట చదివినప్పుడు నేను పేర్ల వరసలో ఆమెను ముందు పెట్టాలా, నా భార్య కాబట్టి పెడుతున్నానా అని ఒక క్షణం ఆగాను. రెండు కొలతలూ చూసుకున్నాను. ముందుండాల్సింది ఆమే. చెప్పాను.

డాక్టరమ్మ ఫోను తీసి మంచం పక్కన అట్లాగే వదిలి పని మొదలుపెట్టింది, కావాలనే వదిలింది అనుకుంటాను. నాకు అంతా వినబడింది. తిప్పుతున్న చప్పుడు, వీపు మీద తట్టుతున్న చప్పుడు, రాజేశం గొంతు, అక్కా ఒక్కసారి, అక్కా ఇంకొక్కసారి అని. డాక్టరమ్మ అరవడం నేను ఎన్నడూ వినలేదు, ఆ రోజూ అరవలేదు. దగ్గు భూదేవీ, దగ్గమ్మా, అని ఒకటే స్వరంతో, అన్నం తినని పిల్లకు చెప్పినట్టు చెబుతూనే ఉంది. హుఁ, హుఁ అని చిన్న గాలి వస్తోంది. చాలాసేపు అంతే. నేను గోడను ఆనుకుని కూర్చున్నాను.

తర్వాత దగ్గింది.

మొదటిది చిన్నది. రెండోది కడుపులో నుంచి వచ్చింది. మూడోది వస్తే ఫోను గడగడలాడింది. ఆగకుండా దగ్గింది, తెప్పరిల్లి మళ్లీ దగ్గింది, మధ్యలో ఎవరినో తిట్టింది కూడా, వీపు నొప్పి పుట్టేటట్టు కొడుతున్నారని. చెవి ఎనిమిది మెట్లు చూపించింది. ఇంట్లో ఆమె నిద్రలో ఒకసారి దగ్గితే విసుక్కునే మనిషిని నేను. ఆ ఎనిమిది మెట్లు వింటూ నవ్వాను, కళ్లు తుడుచుకున్నాను, మళ్లీ నవ్వాను.

అన్నీ అట్లా కాలేదు. ఆ వారంలో ఇంకా ఇద్దరు పోయారు. ఒకరు ఎండపలకల జట్టు మేస్త్రీ పోశం, ఇంకొకరు వెంకటనర్సు పంతులు. పంతులు లోపలికి పోయినవాడు. అక్కడ జబ్బు అంటి, నాలుగు రోజుల్లోనే పోయాడు. ఆయన పెళ్లాం నిర్మల వచ్చి డబ్బా కిటికీ దగ్గర కూర్చుంది. డాక్టరమ్మ అవతలి వైపు నుంచి, ఇనుప తలుపుకు ముఖం పెట్టి, ఆమెతో చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు వినబడలేదు, వినాలనీ అనుకోలేదు. ఆ తర్వాత నిర్మల బడి తలుపు తీసి పిల్లలను కూర్చోబెట్టింది.

8. జ్యేష్ఠం రెండో వారం

డాక్టరమ్మకు అంటుకుంది. అంటుకుంటుందని అందరికీ తెలుసు, ఆమెకు ముందే తెలుసు. పొద్దున చేతుల కొలతలు చదువుతూ తిరుమల వరసలో ఆమె పేరు కూడా చదివింది, మోచేయి దాటి నాలుగు వేళ్లు. నేను మెట్టు చదివాను, ఏడు. ఫోనులో ఆమె గొంతు వినబడింది, మెట్టు మంచిగనే ఉన్నది, నా దిక్కు రావద్దు, ముందు మూడో మంచం చూడుండ్రి అని.

మంచంలో పడుకుని కూడా ఊరుకోలేదు. తన చేయి తనే కొలుచుకుంటూ, పూటపూటకూ ఎంత మారుతోందో చెప్పేది. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, చీకటి పడితే మళ్లీ ఎక్కువ అని పట్టుకున్నది ఆమే. అందుకే అందరినీ పొద్దున ఒకే వేళకు అడగాలని చెప్పింది. లేకపోతే నయమవుతున్నట్టు, ముదురుతున్నట్టు ఊరికే భ్రమపడతామట. జ్వరంలో వణుకుతూ ఆ మాట చెప్పింది. చదువంటే ఇదా అనిపించింది నాకు. మనం కష్టం వస్తే దుప్పటి ముసుగేసుకుంటాం, ఆమె ఆ దుప్పటి కింద కూడా కొలుస్తూ ఉంది.

నెమ్మదిగా చేతులు దిగుతున్నాయి. భుజాలు మోచేతులకు, మోచేతులు మణికట్టుకు. భూదేవి మణికట్టుకొచ్చి ఒక రోజంతా మాట్లాడింది నాతో. మినుములు ఎవరికిచ్చావు, గిన్నె తిరిగి తెచ్చావా అని అడిగింది. తేలేదని తెలిసి కోప్పడింది.

కానీ మెట్లు దిగడం లేదు. జబ్బు పోయినా చాలామందికి పొడిదగ్గు పట్టుకుంది. తిన్నా దగ్గే, నవ్వినా దగ్గే. గల్లీ మొత్తం మూడున్నర దగ్గర ఆగిపోయింది. పాత నియమం ప్రకారం తలుపు తీయరాదు. మిగతా గల్లీల్లో ఉక్కకు పిల్లల ఒళ్లు పేలిపోతోంది, రెండో గల్లీలో ముసలివాళ్లు సొమ్మసిల్లుతున్నారు.

9. జ్యేష్ఠం మూడో వారం చివర

రాజమౌళి ఫోనులో డాక్టరమ్మను అడిగాడు. మెట్టు తక్కువున్నప్పుడు తీయవద్దన్నావు, ఇప్పుడు ఎక్కువున్నది, ఏం చెయ్యాలె అన్నాడు. ఎగతాళిగా అడగలేదు. ఆమె ఏం చెబితే అది చేయడానికే అడిగాడు.

ఆమె అప్పటికే రోజుల తరబడి అందరి కొలతలూ పక్కపక్కన పెట్టి చూసింది. జ్వరం లేక వారం దాటింది, చెయ్యి మణికట్టు కింద నిలకడగా ఉంది, దగ్గులో గురగుర లేదు, పొడిగా ఉంది. అట్లాంటి దగ్గు ఇంకా నెల రోజులైనా ఉంటుందట, దాంతో ఎవరికీ అంటదట. లోపలికి పోయిన వాళ్లలో కూడా ఈ మధ్య కొత్తగా ఎవరికీ అంటలేదు. తలుపు తీయవచ్చన్నది. అయితే బయటివాళ్లు భయపడకుండా మొదట తను ఒక్కతే వస్తానని, వాళ్లు తనను చూశాక మిగతావాళ్లు రావాలని అన్నది.

మధ్యాహ్నం ఇనుప తలుపు తీశారు. డాక్టరమ్మ గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది. సగానికి సగం చిక్కింది. చున్నీ భుజం మీద నిలవడం లేదు. తలుపు దాటగానే పొడిదగ్గు వచ్చి ఆగి నిలబడింది. జనం వెనక్కి జరిగారు, అది చూశాను. నిర్మల మాత్రం ముందుకు పోయి ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుంది, నడిపించుకుని వచ్చింది. ఆ తర్వాత ఎవరూ వెనక్కి జరగలేదు.

భూదేవి అందరికన్నా ఆఖరున వచ్చింది. లోపలి వంటగిన్నెలు తోమి బోర్లించి వచ్చిందట. నన్ను చూసి, చిక్కిపోయినవేంది అన్నది. నేను జవాబు చెప్పేలోపే దగ్గింది. చెవులగది మనిషిని కదా, ఎన్ని మెట్లో నాకు తెలిసిపోయింది. ఎట్లున్నదని అడిగాను. చెయ్యి చాపి వేలి కొసలు చూపించింది.

సాయంత్రానికి పంకా మళ్లీ పూర్తి వేగంతో తిరిగింది. చల్లగాలికి జనం గల్లీల మధ్య నేల మీదే పడుకున్నారు.

10. జ్యేష్ఠం చివర

తొలకరికి మళ్లీ పైకి పోయే రోజులు దగ్గరపడ్డాయి. విత్తనాల మూటలు దించి ఆరబెడుతున్నారు. డాక్టరమ్మ ఇంకా ఎక్కువ నడవలేకపోతోంది. పొద్దున చెవులగదిలో నా కుర్చీలో కూర్చుని, పాత దగ్గులు ఒక్కొక్కటీ వింటోంది. చెవికి కొత్త చదువు చెప్పాలట, గట్టి దగ్గు, నీరసం దగ్గు, పొడిదగ్గు వేరువేరుగా గుర్తుపట్టేటట్టు. అయినా మనిషిని అడగడం మాత్రం మానరాదట. మస్టర్ గది గోడ మీద తన పేరు తుడిచేయమని రాజమౌళిని అడిగింది. ఆయన ఆఁ అన్నాడు గానీ సున్నం బకెట్ పట్టుకుని ఎవరూ పోవడం లేదు. నన్ను తుడవమన్నది. చెవులు తుడవడం నా పని, గోడలు తుడవడం కాదని చెప్పాను. ఆమెకు నేను ఎదురు చెప్పింది ఇది మొదటిసారి.

ఈ రోజు మధ్యాహ్నం తీగ మీద కబురు వచ్చింది, ఎర్రగుట్ట బాయి నుంచి. మాకు ఎనిమిది రోజుల నడక దూరం అది, అక్కడి వాళ్ల ముఖాలు మేమెవరమూ చూడలేదు. నేను చదివి వినిపించాను. వాళ్ల దగ్గర కూడా ఒక గల్లీ మూసి ఉందట. పోయిన వారం మెట్టు ఒకటిన్నరకు దిగి తలుపు తీయబోతుంటే ఎవరో మా కబురు తీసి చదివారట. కొట్లాడుకున్నారట, ఎవరిని నమ్మాలని. చివరికి ఇద్దరు లోపలికి పోయి చేతులు అడిగితే, పంతొమ్మిది మంది భుజాలు చూపించారట. ఆ రోజు నుంచి వీపులు తడుతున్నారట. ఒక్కరు కూడా పోలేదట. ఈ రోజు మెట్టు ఆరు అని, చెప్పాలనిపించి చెబుతున్నామని కబురు. చివర, కావాలంటే వినండి అని, తీగ మీదనే ఆ గల్లీ చప్పుడు పంపారు.

డాక్టరమ్మ పెట్టమన్నది. పెట్టాను. గరగర మధ్య నుంచి, అంత దూరం నుంచి, ఎవరో మనుషులు దగ్గుతున్నారు. ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరిద్దరు ఒకేసారి. ఎవరో ఆడమనిషి ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటోంది. భూదేవి మాకు చాయ్ తెచ్చి, గిలాసలు పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయింది.

డాక్టరమ్మ కళ్లు మూసుకుని వింటోంది. చాలాసేపటికి ఒక వేలు పైకెత్తింది.

"ఆ మూడో మనిషి దగ్గు విన్నవా, ఓదెలూ" అన్నది. "ఎంత మంచిగున్నదో."